వదులు

ఆ ఇంట్లో తెల్లారగానే అందరికంటే ముందు పలకరించేవి ఛార్జర్లు. ముందుగదిలో గోడవారగా, బల్ల మీద వరసగా పెట్టి ఉంటాయి. ఎర్రదీపం పచ్చగా మారిందంటే బ్యాటరీకి కడుపు నిండినట్టు. ఆ ఆదివారం ఉదయం ఏడింటికి అన్నీ పచ్చగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్క ఎర్రదీపం కోసం టీ గ్లాసు ఎగిరి గోడకి తగిలి ముక్కలైంది.

“ప్లగ్గు సరిగ్గా పెట్టడం కూడా రాదా నీకు? తొమ్మిదేళ్ళుగా ఏం నేర్చుకున్నావే?” కొడుకు అరుపుకి కిటికీ తలుపులు అదిరాయి.

కోడలు వంగి గాజుముక్కలు ఏరడం మొదలుపెట్టింది. ఎడమ మణికట్టు వాచి ఉండటంతో కుడిచేత్తోనే ఏరుతోంది. కుర్చీలో కూర్చున్న పెద్దావిడ ఆ వాపు చూసింది. చూసి, తన టీలో రొట్టెముక్క ముంచుకుంది. చూడకూడనిది కంటపడితే వెంటనే ఏదో ఒక పని కల్పించుకోవడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య.

ఇంట్లో ఉండేది ఆ ముగ్గురే. కొడుకుని వీధి వీధంతా ‘కెమెరా’ అనే పిలుస్తుంది. నెట్‌కి కలిపే చిన్న కెమెరాలు నాలుగు మూలలా బిగించి, ఇక్కడ జరిగేది ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళకి లైవ్‌లో చూపించడం అతని పని. వార్షికోత్సవాలు, సభలు, ఆటల పోటీలు, ఆఖరికి అంతిమయాత్రలు కూడా. మేడ మీద పొడవాటి హాలు ఒకటుంది. ఆ రోజు అందులో పాటల టీచరు దగ్గర నేర్చుకుంటున్న పిల్లల కచేరీ. వాళ్ళ అమ్మమ్మలూ తాతయ్యలూ, రాలేని బంధువులూ అంతా ఫోన్లు పట్టుకుని పది ఎప్పుడవుతుందా అని చూస్తుంటారు.

మోకాళ్ళు అరిగిపోయి మూడేళ్ళుగా మేడమెట్లు ఎక్కని పెద్దావిడకి కూడా ఈ వ్యవహారంలో ఒక ఉద్యోగం ఉంది. ఆవిడ కింద బల్ల దగ్గర టాబ్లెట్ పెట్టుకుని కూర్చుంటుంది. చెవిలో ఇయర్‌ఫోన్, అందులో పైనున్న కొడుకుతో ఫోను. టాబ్లెట్ మీద పచ్చబటన్ ఒకటి, ఎర్రబటన్ ఒకటి. పైన అన్నీ సర్దుకున్నాక కొడుకు “వదులు” అంటాడు. ఈవిడ పచ్చది నొక్కుతుంది. అంతదాకా జనానికి కనిపించే పూలకుండీ బొమ్మ పోయి హాలు వస్తుంది. కాలవకి నీళ్ళు వదిలినట్టు బొమ్మని లోకంలోకి వదలడమన్నమాట. కొడుకు “వదులమ్మా” అనడు, హడావిడి మనిషి, “వదులు” అంటాడంతే. ఆ ఒక్క మాట కోసం ఆవిడ గంటసేపైనా కూర్చుంటుంది. వీధిలో పిల్లలు ఆవిడని ‘బటన్ మామ్మ’ అంటారు. ఆవిడకి లోలోపల అదో గొప్ప.

వదిలిన బొమ్మ జనానికి చేరడానికి మాత్రం పద్దెనిమిది సెకన్లు పడుతుంది. మొదట్లో కోడలు పైన చప్పట్లు కొడుతుంటే ఈవిడ కింద వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెట్టేది. తెర మీద చప్పట్లు వచ్చేసరికి సరిగ్గా పద్దెనిమిది. “లైవ్ లైవ్ అంటారు గానీ, మీరు చూపించేదంతా చద్దిదే” అని ఇద్దరినీ ఆటపట్టించేది కూడా.

కొడుకు పెట్టెలు మోసుకుంటూ మేడెక్కాక కోడలు వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వచ్చి, అత్తగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

“అత్తయ్యా, మీరొక్క మాట చెప్తే ఆయన వింటారు.”

“ఏం చెప్పను తల్లీ? వాడి కోపం పాలపొంగు. ఇట్టే పొంగుతుంది, ఇట్టే దిగిపోతుంది.”

“పొంగిన ప్రతిసారీ కాలేది నా చెయ్యే.”

పెద్దావిడ టాబ్లెట్ అద్దం మీద లేని దుమ్ము తుడిచింది. “పని ఒత్తిడమ్మా. నాలుగు కెమెరాలు, అన్నేసి వైర్లు, ఏ ఒక్కటి చెడినా అందరూ వాణ్ణే అంటారు. వాళ్ళ నాన్నతో పోలిస్తే వీడు ఎంతో...” అని ఆగిపోయింది. నాలుక తెలియకుండానే పైవరసలో ముందు పళ్ళ దగ్గరికి పోయింది. ఆ రెండూ కట్టుడుపళ్ళు.

“మామయ్యగారికి కూడా కోపమేనా? మీరెప్పుడూ చెప్పలేదే.” కోడలు ఆవిడ మొహంలోకి చూసింది. “ఆ పళ్ళు మెట్ల మీద పడి ఊడాయన్నారు కదా?”

“అవును. మెట్ల మీదే.”

కోడలు లేచి, నీలంరంగు వైరు చుట్ట భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి ఇంకోమాట అడిగి ఉంటే ఏం చెప్పేదో పెద్దావిడకే తెలీదు. అడగనందుకు హాయిగా అనిపించింది, హాయిగా అనిపించినందుకు సిగ్గేసింది.

తొమ్మిదిన్నరకి ఇయర్‌ఫోన్‌లో కొడుకు గొంతు పలికింది. “అమ్మా, చుక్కలు వచ్చాయా?”

ఒక్కో కెమెరాకి ఒక్కో పచ్చచుక్క వస్తుంది తెర అంచున. “రెండే వచ్చాయిరా. ఒకటీ మూడూ ఉన్నాయి, రెండూ నాలుగూ లేవు.”

“ఛ! ఏమే, రెండోదాని వైరు ఎక్కడ గుచ్చి చచ్చావ్?”

“సరిగ్గానే ఉందండీ.”

“సరిగ్గా ఉంటే ఎందుకు రాదు? నీకు కళ్ళున్నాయా?” దబ్బుమని చప్పుడైంది. పెట్టెని తన్నినట్టున్నాడు. “ఇప్పుడు నేను వాళ్ళకి ఏం మొహం చూపించాలి?”

పాటల టీచరు గొంతు వినిపించింది, మెత్తగా, కొంచెం కంగారుగా. “పదికి మొదలవుతుందని అందరికీ చెప్పానండీ. పాపం పెద్దవాళ్ళు అప్పుడే కూర్చుని ఉంటారు.”

ఇంటింటికీ నంబరున్నట్టే ప్రతి కెమెరాకీ నెట్‌లో ఒక నంబరుంటుంది. ఒకే నంబరు రెండిళ్ళకి రాస్తే ఉత్తరం ఎటూ చేరనట్టు, ఒకే నంబరు రెండు కెమెరాలకి ఇస్తే రెండూ రావు. కోడలి దగ్గర ఆ నంబర్లన్నీ రాసుకున్న చిన్న పుస్తకం ఉంది. అరనిమిషం కాగితాలు తిప్పిన చప్పుడు.

“నాలుగోదానికి రెండోదాని నంబరు పడిందండీ. నిన్న సాయంత్రం మీరే మార్చారు, గుర్తుందా? ఇదిగో, సరిచేశాను.”

తెర మీద రెండు చుక్కలూ టకటకా వెలిగాయి. “వచ్చేశాయి, నాలుగూ వచ్చేశాయి!” అంది పెద్దావిడ సంబరంగా.

పాటల టీచరు నవ్వేసింది. మంచి మనిషే, మంచికే నవ్వింది. “అయితే పని తెలిసింది మీ ఆవిడకేనన్నమాట! సరే, నేను వీధి చివరికి వెళ్ళి పిల్లల్ని తీసుకొస్తా. బస్సు వచ్చేసి ఉంటుంది.”

ఆవిడ చెప్పుల చప్పుడు మెట్ల మీద దిగిపోయింది. ఆ తర్వాత ఇయర్‌ఫోన్‌లో ఏమీ వినపడలేదు. కాసేపటికి తలుపు దగ్గరగా వేసిన చప్పుడు.

ఆ తలుపు చప్పుడు పెద్దావిడకి పాత చుట్టంలా తెలుసు. కొట్టబోయే మనిషి తలుపు ఎలా వేస్తాడో ఆవిడకి ఇరవై రెండేళ్ళ అనుభవం. గట్టిగా వెయ్యడు, చాలా మెల్లిగా వేస్తాడు. అయినా ఆవిడ చూపు టాబ్లెట్ మీద పూలకుండీ నుంచి కదల్లేదు. కింద ఒక అంకె పెరుగుతోంది: రెండు వందల తొంభై మంది వేచి ఉన్నారు. మూడు వందల పన్నెండు.

ఫోను కొడుకు చొక్కా జేబులో ఉన్నట్టుంది. గుడ్డ రాపిడి. ఏదో కిందపడింది. ఇంకేదో ఈడ్చారు. బెంచీలు జరుపుతున్నారనుకుంది. అలా అనుకోవడం ఆవిడకి కొత్తేమీ కాదు.

అప్పుడు వినిపించింది, బొంగురుగా, దూరంగా.

“వదులు!”

పెద్దావిడ పచ్చబటన్ నొక్కింది.

అలవాటుగా వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పిల్లలు అప్పుడే వచ్చేశారా, ఏ రంగు బట్టలేసుకున్నారో, అనుకుంది. పన్నెండు, పదమూడు. ముందు ఎప్పుడూ రెండో కెమెరా వదులుతారు, హాలు మొత్తం కనిపించేది. పదిహేడు, పద్దెనిమిది.

పూలకుండీ పోయింది. హాలు వచ్చింది. వేదిక మీద పిల్లలు లేరు.

కుర్చీలు పడిపోయి ఉన్నాయి. వాటి మధ్యలో కొడుకు. అతని కుడిచేతికి కోడలి జడ రెండు చుట్లు చుట్టి ఉంది. ఆమెని వెనక్కి వంచి, వేదిక వైపు ఈడుస్తున్నాడు. ఆమె కాళ్ళు నేల మీద ఆనడం లేదు. రెండు చేతులతోనూ అతని పిడికిలి పట్టుకుని అరుస్తోంది.

“వదులు! వదులు నన్ను!”

పెద్దావిడ పచ్చబటన్ నొక్కిన తన వేలికేసి చూసుకుంది. తొమ్మిదేళ్ళలో కోడలు తన కొడుకుని ఒక్కసారి కూడా ‘నువ్వు’ అన్నది లేదు. ‘వదలండి’ అని అరిచి ఉంటే ఈ వేలు బటన్ మీదికి వెళ్ళేది కాదు. ఆ ‘అండి’ ఊడిపోయింది కాబట్టి అది తన కొడుకు తనతో అన్న మాటే అనుకుంది. ఎంత నొప్పి పుడితే ఆ ‘అండి’ ఊడుతుందో ఆవిడకి తెలుసు. ఆవిడ నోట్లోంచి మాత్రం అది ఇరవై రెండేళ్ళూ ఊడలేదు, పళ్ళు ఊడాయి గానీ.

తెర మీద కొడుకు ఆమె తలని వేదిక అంచుకేసి కొట్టాడు. కింద మనుషుల రాతలు పరిగెత్తసాగాయి. ‘ఇదేమిటి?’ ‘నాటకమా?’ ‘నాటకం కాదు, రక్తం వస్తోంది.’ ‘మా పాప అక్కడుందా?’ ‘ఎవరైనా ఆపండి.’ అంకె మూడు వందల నలభై.

ఆవిడ వేలు ఎర్రబటన్ మీదికి వెళ్ళింది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, పూలకుండీ వచ్చేస్తుంది. ఏదో తప్పు జరిగింది, పాత సినిమా ముక్క పడింది అని సర్దుకోవచ్చు. సర్దడం ఆవిడకి రాదా? నా కొడుకు, నా ఒక్కగానొక్క కొడుకు, రేపు ఈ వీధిలో ఎలా తలెత్తుకుంటాడు అనుకుంది.

తెర మీద కొడుకు ఇంకా జడే పట్టుకుని ఉన్నాడు. చెవిలో మాత్రం అప్పటికే వైరు గాలిని కోసుకుంటూ వస్తున్న చప్పుడు, దాని వెనకే కోడలి కేక. మళ్ళీ చప్పుడు. మళ్ళీ కేక. ఈ చెవిలో ఉన్నది ఇప్పుడు జరుగుతోంది. తను చూస్తున్నది అయిపోయింది. చూస్తూ కూర్చుంటే ఎప్పుడూ అయిపోయిందే చూస్తుంది.

“నా మీద నోరెత్తుతావా? నలుగురిలో నా తప్పు ఎంచుతావా?”

చెవిలో ఆ మాట వినగానే పెద్దావిడ రెండు చేతులూ వాటంతటవే లేచి మొహానికి అడ్డం పడ్డాయి. అది మొగుడి మాట. అదే మాట, అదే ఈడ్పు. ఆయన పోయి పదహారేళ్ళయింది. అయినా చేతులకి గుర్తుంది.

మొహం మీంచి చేతులు దించింది. ఎర్రబటన్ ముట్టుకోకుండా టాబ్లెట్‌ని బల్ల మీద అలాగే ఉంచి లేచింది.

మేడకి ఇరవై రెండు మెట్లు. మొదటి మెట్టుకే కుడి మోకాలు కలుక్కుమంది. కమ్మీ పట్టుకుని, ఒక్కో కాలూ చేత్తో ఎత్తి పెట్టుకుంటూ ఎక్కింది. చెవిలో దెబ్బలు ఆగలేదు. నాలుగో మెట్టు మీద “నీ చేతులు విరిచేస్తా” వినిపించింది. తొమ్మిదో మెట్టు మీద కోడలి గొంతు సన్నబడింది. పద్నాలుగో మెట్టు మీద కేక బదులు మూలుగు. ఇరవయ్యో మెట్టు మీద మళ్ళీ కొడుకు అవే అరుపులు. “వస్తున్నా తల్లీ, వస్తున్నా” అంటూనే ఉంది పెద్దావిడ, పైకి వినపడదని తెలిసి కూడా. తొమ్మిదేళ్ళుగా ఎక్కాల్సిన మెట్లు, ఈ రోజు ఎక్కుతున్నాను అనుకుని ఏడ్చింది.

తలుపు తోసేసరికి కోడలు వేదిక కింద ముడుచుకుని పడి ఉంది. కనుబొమ మీద చీలి రక్తం కంట్లోకి కారుతోంది. కొడుకు చేతిలో నీలం వైరు రెండు మడతలు పెట్టి ఉంది. చెయ్యి పైకెత్తాడు. పెద్దావిడ ఎలా వెళ్ళిందో, ఆ మోకాళ్ళతో ఎలా వంగిందో ఆవిడకే గుర్తులేదు. కోడలి మీద బోర్లా పడి, మొహం పైకెత్తి, “ఒరేయ్!” అంది.

చెయ్యి ఆగలేదు. వైరు కొసకి ఉన్న గట్టి క్లిప్పు ఆవిడ మూతి మీద పడింది.

కట్టుడుపళ్ళు ఎగిరి నేల మీద టక్‌మని పడ్డాయి, రెండు తెల్లటి పళ్ళు, గులాబీరంగు చిగురు ముక్కతో సహా. దొర్లుకుంటూ వెళ్ళి కొడుకు కాలిబొటనవేలి దగ్గర ఆగాయి.

అతను వాటికేసి చూశాడు. వైరు చేతిలోంచి జారింది. హాలంతా నిశ్శబ్దం అయి ఉండాలి. కానీ కాలేదు.

“నీ చేతులు విరిచేస్తా! నా మీద నోరెత్తుతావా?”

అతను నోరు మూసుకున్నా అతని అరుపు ఆగలేదు. వెనక వరసల వాళ్ళకి కనిపించాలని వెనక గోడకి పెద్ద టీవీ ఉంది. పొద్దున లైవ్ పెట్టి, శబ్దం సరిచూసుకున్నది అతనే. ఆవేశంలో ఇందాకటి నుంచీ అది నడుస్తోందని గమనించలేదు. తిరిగి చూశాడు. టీవీలో ఒక మనిషి, మెడనరాలు ఉబ్బి, పళ్ళు బిగబట్టి, కింద పడి ఉన్న ఆడమనిషిని కొడుతున్నాడు. లెక్క పెట్టినట్టు కొడుతున్నాడు.

“అమ్మా,” అన్నాడు చిన్నగా. “అమ్మా, అది నాన్న గొంతు.”

“కాదురా. ఆయన పోయాడు. అది నువ్వే.” పళ్ళు లేని నోట్లోంచి రక్తంతో పాటు వచ్చాయి మాటలు.

“ఆపమ్మా. ఆ బటన్ ఆపు.” టీవీ వైపు రెండు చేతులూ చాచాడు, అడ్డుకుందామన్నట్టు. “ఎవరు వదిలారు? నేను చెప్పలేదే!”

“నీ పెళ్ళాం చెప్పింది. ‘వదులు’ అంది. నువ్వు వదల్లేదు, నేను వదిలాను. ఆపడానికి బటన్ కిందుంది. ఎవరి చేతిలోనూ లేదు.”

టీవీలో తలుపు తెరుచుకుంది. కుంటుకుంటూ ఒక ముసలావిడ లోపలికి వచ్చిపడింది. “వద్దు,” అన్నాడు కొడుకు టీవీతో. “వద్దు, కొట్టకు, అమ్మ అది, అమ్మ...” టీవీలో మనిషి వినలేదు. వైరు లేచింది, పడింది. టక్‌మని పళ్ళు రాలిన చప్పుడు హాల్లో రెండోసారి వినిపించింది. అతను అక్కడే మోకాళ్ళ మీద కూలబడి, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

గుమ్మంలో పాటల టీచరు నిలబడి ఉంది. వెనక మెట్ల మీద పిల్లల గుసగుసలు. ఆవిడ మొహం పాలిపోయి ఉంది, చేతిలో ఫోను ఉంది. పిల్లల్ని మళ్ళీ బస్సు దగ్గరికి పంపేసి లోపలికొచ్చింది. “దారిలో ఫోన్ చూస్తూనే వచ్చానండీ. పోలీసులకి చెప్పాను. కింద నా కారుంది, ముందు ఆస్పత్రికి పదండి.” కొడుకు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. కోడలిని ఒక పక్క ఆవిడ, ఇంకో పక్క పెద్దావిడ పట్టుకుని దించారు.

కొడుకు వెనకాలే వచ్చాడు. ఆఖరి మెట్టు దగ్గర కోడలి చెయ్యి పట్టుకున్నాడు, వాచిన ఎడమ మణికట్టే.

“వెళ్ళకే. నన్నిలా వదిలి వెళ్ళకు. నీ కాళ్ళు పట్టుకుంటా. ఇంకెప్పుడూ చెయ్యెత్తను, అమ్మ మీద ఒట్టు.”

కోడలు అతని మొహంలోకి చూడలేదు. తన మణికట్టు చుట్టూ ఉన్న ఆ వేళ్ళకేసి చూస్తూ నిలబడింది.

పెద్దావిడకి కొడుకు కన్నీళ్ళు తుడవాలనిపించింది. అబద్ధమెందుకు, కడుపున పుట్టినవాడు. ముక్కు తుడిచి, తల నిమిరి, సర్లే ఊరుకో నాన్నా అనాలనిపించింది. ముప్పై ఏడేళ్ళుగా అదే చేసింది. గోడకి గ్లాసు విసిరినప్పుడు తుడిచింది, కోడల్ని తోసినప్పుడు తుడిచింది. ఈసారి ఆ చేత్తో రెండో పక్కనున్న కమ్మీ పట్టుకుంది.

“వదులు,” అంది.

బోసినోట్లోంచి ఆ మాట సగం గాలిగానే వచ్చింది. అయినా అతనికి అందింది. ఆ మాట ఇన్నేళ్ళూ అతను తల్లికి చెప్పడమే గానీ తల్లి అతనికి ఎప్పుడూ చెప్పలేదు. తల్లి మొహంలోకి చూశాడు. వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి.

“నువ్వు కూడా వెళ్ళిపోతావా అమ్మా?”

“వెళ్తాను. పోలీసులు వస్తారు, ఏం చేశావో నువ్వే చెప్పు. ప్లగ్గు అనీ, నంబరు అనీ, నలుగురిలో పరువు అనీ చెప్పకు. కొట్టానని చెప్పు. అది నీ అంతట నువ్వు చెప్పిన రోజున నీకు తల్లిగా వచ్చి కూర్చుంటా.”

అతను మెట్టు మీద కూర్చుండిపోయి మొహం మోకాళ్ళలో దాచుకున్నాడు. పెద్దావిడ వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయం.

కారులో కోడలు కంటి మీద గుడ్డ అదిమి పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. కాసేపటికి, అటు తిరిగే అడిగింది.

“మీకు రోజూ వినపడేది కదా అత్తయ్యా?”

టీచరు నడపడం మీదే దృష్టి పెట్టినట్టు నటించింది. పెద్దావిడ ఒళ్ళో చేతులు చూసుకుంది. ఈ ప్రశ్నకి జవాబుగా ఇన్నేళ్ళలో ఎన్నో వాక్యాలు సిద్ధం చేసి పెట్టుకుంది. చెవులు సరిగ్గా వినపడవని, నిద్రపోయానని, మొగుడూపెళ్ళాల మధ్య పెద్దవాళ్ళు దూరకూడదని.

“వినపడేదమ్మా,” అంది. “అంతా వినపడేది. బెంచీలు జరుపుతున్నారని అనుకునేదాన్ని.”

“మనింట్లో బెంచీలే లేవు కదా అత్తయ్యా.”

“లేవు,” అంది పెద్దావిడ. “నన్ను తిట్టు తల్లీ. కొట్టినా పడతాను.”

కోడలు తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. కిటికీ వైపే తిరిగి, “అక్క ఇంటికి వెళ్తాను. తన కుట్టుపని దుకాణం వెనక ఒక గదుంది. ఒకటే మంచం” అంది.

“నేను కింద పడుకుంటా.”

“ఆ మోకాళ్ళతో కింద పడుకుంటే మళ్ళీ ఎవరు లేపాలి? ఇరుక్కుని ఇద్దరం మంచం మీదే పడుకుందాం.”

ఆస్పత్రిలో కోడలికి కనుబొమ మీద ఏడు కుట్లు పడ్డాయి. వీపు మీద వైరు దెబ్బలకి మందు రాశారు. ఆ తర్వాత నర్సు కాగితాల అట్ట పట్టుకుని పెద్దావిడ ముందు కూర్చుంది, పెదవి మీద రక్తం తుడిచి, పెన్ను తీసింది. రోజుకి పదిమందిని అడిగే ప్రశ్నే అడిగింది.

“ఎలా తగిలింది మామ్మగారూ? మెట్ల మీద పడ్డారా?”

పెద్దావిడ ఒక్కసారి కళ్ళు మూసుకుంది. ఇలాంటి బల్ల మీదే, ఇలాంటి వాసనలోనే, నోటినిండా దూది పెట్టుకుని, ఇదే ప్రశ్నకి తలూపిన అప్పటి తను గుర్తొచ్చింది. పక్కన ఏడేళ్ళ కొడుకు చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడి, అమ్మని చూసి అబద్ధం చెప్పడం నేర్చుకున్నాడు.

“కాదమ్మా. నా కొడుకు కొట్టాడు. ఇద్దరినీ వాడే కొట్టాడు. నేను చూశాను.”

నర్సు ఒక్క క్షణం పెన్ను ఆపి, రాసుకుంది. “పైన ముందు పళ్ళు రెండు లేవు. అవి కూడా ఇప్పుడేనా?”

“కాదు, అవి పాతవి. వాటిని వాడి నాన్న ఊడగొట్టాడు. అది కూడా రాసుకో.”

“ఎన్నాళ్ళ కిందట?”

“ముప్పై ఏళ్ళయింది.”

“ముప్పై ఏళ్ళా! ఇప్పుడు చెప్తున్నారా?”

“ఏం చెయ్యను తల్లీ, వదిలాక చేరడానికి కాస్త ఆలస్యమవుతుంది,” అంది పెద్దావిడ.

నర్సుకి అర్థం కాలేదు. పక్క మంచం మీద కూర్చున్న కోడలికి అర్థమైంది. ఆ కుట్లు లాగుతుండగానే నవ్వొచ్చింది, నవ్వుతోనే ఏడుపూ వచ్చింది. ముందుకి వంగి, కుడిచేత్తో అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. మందులు రాసినంతసేపూ, పోలీసు వచ్చి మొదటి నుంచి మళ్ళీ అంతా చెప్పమన్నంతసేపూ, పెద్దావిడ ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పినంతసేపూ ఆ చెయ్యి వదల్లేదు.